నా లీటరు డబ్బా

బల్లార్పూర్ బొగ్గు గనిలో పని చేసినన్నాళ్లూ నాతో పాటు లోపలికి దిగిన నీళ్ల డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. నిండా లీటరు పడుతుందని, అదంతా ఒక్క గుక్కలో లేపేసేవాణ్ణని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఆశ్చర్యపోయి వినేవాడు దొరికితే రెండు లీటర్లని కూడా చెప్పేవాణ్ణి.

మొన్న వానాకాలంలో నా మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాది నిండని పిల్ల. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కంట్లో తడి లేదు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. మా బస్తీలో అందరూ తాయి, అంటే అక్క, అని పిలిచే ఆశా కార్యకర్త వచ్చి ఓఆర్ఎస్ పొట్లం, జింకు గోలీలు ఇచ్చింది. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలిపి చెంచాతో పట్టమంది. తల్లిపాలు ఆపొద్దంది. తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా ఒక్క క్షణం ఆగకుండా దవాఖానకు తీసుకెళ్లమంది.

కోడలు నేరుగా మేకు మీది డబ్బా అందుకుని, కాచి చల్లార్చిన నీళ్లు నింపి, పొట్లం చింపబోయింది.

"ఆగు బిడ్డా. గండ్ల కలపకు."

"ఏంది మామా! పిల్ల గిట్లుంటే నీకు డబ్బా మీదనే పానమా?"

"గది గాదు..."

"మరేంది? లీటరే గద, రోజు నువ్వే జెప్తవ్."

నేను నేలకేసి చూశాను. "లీటరు గాదు. ముప్పావు గూడ పట్టదు. గొప్పకు జెప్పిన. నీళ్లు తక్కువైతే ఉప్పెక్కువైతది, పిల్లకు ముప్పు."

ఆమె నన్నొక చూపు చూసింది. బజారులో కొన్న లీటరు సీసాతో కాచిన నీళ్లు కొలిచి గిన్నెలో పోసి, పొట్లం మొత్తం కలిపింది.

"ఇంకేమన్న గొప్పలున్నయా? ఉంటే గవి గూడ ఇప్పుడే జెప్పు."

ఉన్నాయి, చాలానే. చెంచా కడిగి తెచ్చిచ్చాను.

ఆమె చెంచా చెంచా పోసింది. పిల్ల కక్కింది. కాసేపు ఆగి, ఇంకా నెమ్మదిగా పోసింది. నేను గుమ్మంలో కూర్చుని, పిల్ల గుటక వేసినప్పుడల్లా నేనూ గుటక వేశాను. ఎండ వాలాక పిల్ల మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

"మామా, ఇటు రా! కండ్లల్ల నీళ్లొస్తున్నయ్, సూడు!"

చూశాను. కోడలు ఆ కన్నీళ్లను తుడవలేదు. నేనూ తుడవలేదు.

మర్నాడు పొరుగాయనకు, పిల్లను నేనే బతికించానని చెప్పాను. లోపల చెంచా చప్పుడు ఆగింది. "బతికించింది మా కోడలు," అని దిద్దుకున్నాను. "నేను డబ్బా సంగతి నిజం జెప్పిన, గంతే."