కునుకు తియ్యని లాప్‌టాప్

మెదక్‌ల ఎలిశిబాది మైక్‌సెట్ల దుకాణం. చర్చి కూటాలకైనా, తెలంగాణ ధూంధాం ఆటపాటలకైనా ఆమె మైకే. రాష్ట్రం కోసం ఉద్యమం జోరు మీదున్నప్పుడు, ధూంధాంల పాడే పరశురాం డప్పు పాటను తన లినక్స్ లాప్‌టాప్‌ల రికార్డు చెయ్యబట్టింది.

పాట నడుమ అందరు ఒక్కసారి ఆగుతరు. మళ్ల డప్పు లేస్తది. సరిగ్గ ఆ మొదటి దెబ్బకే రికార్డింగ్‌ల చర్రుమని చప్పుడు.

"నా డప్పు పలిగిందా చెల్లె?" అని పరశురాం పరేషానైండు.

ఎలిశిబా మైకు మార్చింది, వైరు మార్చింది. చప్పుడు పోలేదు. కోపమొచ్చి, ప్రాసెసర్ వేగం చూపెట్టే అంకెను తెర మీద పెట్టుకొని, మళ్ల పాడుమన్నది. పాట ఆగంగనే అంకె పడిపోయింది. డప్పు లేచినంక గని అది లేవలేదు.

"డప్పు మంచిగనే ఉందన్నా. గీ మిషనే దొంగది! మనం ఊపిరి తీస్కుంటే ఇది కునుకు తీస్తుంది. ఇది లేచేలోపల మొదటి దెబ్బ చెడుతుంది."

పని లేనప్పుడు వేగం తగ్గించి బ్యాటరీ మిగిలిచ్చుడు, మిషన్ను లోపలికెల్లి నడిపే కర్నెల్‌కు అలవాటు. ఎలిశిబా ఒక్క కమాండ్ కొట్టి ఆ అలవాటు బంద్ చేయించింది. పని ఉన్నా లేకున్నా ఇగ పూర్తి వేగమే. లాప్‌టాప్ పెనం లెక్క కాలింది గని, పాట అద్దం లెక్క వచ్చింది.

రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తాల ఆ పాటే మోగింది. జనమంత పాటకు ఎగురుతుంటే, ఎలిశిబా మాత్రం నడుమ వచ్చే ఆ మౌనం కోసం చూసింది. పాట ఆగింది. డప్పు పిడుగు లెక్క పడ్డది.

"గట్ల మేల్కొని ఉండాలె!" అని అరుసుకుంట ఆమె జనంలకు దుంకింది.