తాడు పట్టినవాడి మాట

క్విరీనో పుట్టింది పోపుగారి ఊరి గోడ లోపల. పోయేదీ అక్కడేనని మేమంతా అనుకున్నాం, అతనితో సహా. ఇప్పుడు నా ఇస్త్రీ దుకాణం వెనక గదిలో ఉంటున్నాడు, ఆ గోడకి ఇరవై అడుగులు ఇవతల. కిటికీ తెరిస్తే గోడే కనిపిస్తుంది. అందుకే తెరవడు.

నేను బోర్గో వీధిదాన్ని, పేరు అర్జియా. మా అమ్మ ఫాదర్ల కాలర్లకి గంజి పెట్టేది, నాదీ అదే పని. నా ఇస్త్రీపెట్టె కింద నలగని తెల్లబట్ట పోపుగారి ఊళ్ళో లేదు. కాబట్టి ఎవరి మెడ ఎంత మురికో నాకు తెలుసని గొప్పలు పోయేదాన్ని. క్విరీనో జతగాడు ఓరెస్తె మెడ దగ్గర మాత్రం మోసపోయాను.

క్విరీనో తాతా, తండ్రీ పునీత పేతురు దేవాలయంలో తాడు పనివాళ్ళు. గోపురానికి తాడు కట్టుకుని, చిన్న చెక్కపలక మీద కూర్చుని, గాల్లో వేలాడుతూ చేసే పని అది. పైన రాతి సందుల్లో మొలిచే పిచ్చి అంజూరపు మొక్కల్ని పీకాలి. సీసపు రేకులు ఊడితే బిగించాలి. పేతురు పౌలుల పండుగ సాయంత్రం గోపురం చుట్టూ వేలాది దీపాలు వెలిగించాలి. ఆ రోజు పొద్దున్నే ఫాదరు ముందు తప్పులు చెప్పుకుని పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం తీసుకుని మరీ పైకెక్కుతారు. దిగుతామో లేదో ఎవరికి తెలుసు!

పని జంటగా చేస్తారు. ఒకడు వేలాడితే ఇంకొకడు పైన కూర్చుని తాడు పడతాడు. క్విరీనో వేలాడేవాడు, ఓరెస్తె పట్టేవాడు. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచింది. వాళ్ళలో ఒక కట్టుబాటుంది. వేలాడేవాడు నోరు విప్పకూడదు. గాలికి మాట చెదిరి, "దించు" అంటే "లాగు" అన్నట్టు వినపడి ప్రాణాలు పోయిన కథలున్నాయి. చుట్టూ చూసేవాడు పైనున్నవాడే కనక, మేస్త్రీతో ఏం చెప్పాలన్నా వాడే చెప్పాలి. కిందివాడి తరఫున మాట పైవాడిది. పదహారో ఏట తాడు ముట్టుకున్న రోజునే తండ్రి క్విరీనోకి ఇది నేర్పాడు.

ఇటలీ ప్రభుత్వమూ పోపుగారూ సంతకాలు చేసుకుని ఆ గోడ లోపలి ఊరు ఒక దేశమైనప్పుడు మా వీధంతా నవ్వుకుంది. మర్నాడు క్విరీనో కొత్త గుర్తింపు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా, విదేశస్థుడా! మా దేశంలోకి రావడానికి ఎవర్నడిగావు?" అన్నాను.

"నవ్వు అక్కా, నవ్వు. మా దేశంలో ఉప్పు మీద పన్ను లేదు. రేపు నువ్వే వస్తావు గిన్నె పట్టుకుని."

"మీ దేశం ఎంతని? మా ఆయన చుట్ట వెలిగించి ఆ చివర్నుంచి ఈ చివరకి నడిస్తే, సగం చుట్ట మిగులుతుంది."

"చిన్నదైతేనేం, నేను పుట్టింది అందులోనే!" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూడాల్సింది.

నిజానికి ఆ దేశంలో పుట్టినంత మాత్రాన ఎవరూ ఆ దేశస్థులు కారు. కొలువుతో వస్తుంది పౌరసత్వం, కొలువుతోనే పోతుంది. ఇల్లూ అంతే. క్విరీనోకి తెలియని సంగతేం కాదు. కానీ మూడు తరాలుగా ఒకే వంటగదిలో తిన్నవాడికి అలాంటి రూలు పక్కింటివాళ్ళ గురించి రాసినట్టే ఉంటుంది.

ఆ వంటగదిలో ఓరెస్తె కూడా తిన్నాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. క్విరీనో భార్య సబీనా చేసే ఎద్దుతోక కూర అంటే పడి చచ్చేవాడు. "వదినా, గిన్నె అడుగున మిగిలింది కుక్కకి పెడతావా, నాకు పెడతావా?" అనేవాడు. ఓరెస్తె కూతురు క్లేలియాకి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి క్విరీనోయే. పిల్లలు లేని క్విరీనో ఆ పిల్లని భుజాన వేసుకుని మా దుకాణానికి తెచ్చి, "చూడక్కా, నా కూతురు" అనేవాడు.

క్లేలియా పెళ్ళి కుదిరిన ఏడు, ఈస్టరుకి ముందు తపస్సు రోజుల్లో, ఓరెస్తె ఒక సాయం అడిగాడు. గోడ లోపలి దుకాణంలో సిగరెట్లు చవక, బయట పన్నుతో మండిపోతాయి. ఒక్కో ఇంటికి కార్డు మీద ఇన్ని అని లెక్క.

"నా కార్డు మీదవి అయిపోయాయిరా. పెళ్ళికి వచ్చేవాళ్ళకి పెట్టాలిగా? నీకు పొగ అలవాటు లేదు. నీ కార్డు ఇలా పారెయ్."

"నా కూతురి పెళ్ళికి నన్ను అడగాలా? తీసుకో" అన్నాడు క్విరీనో.

కార్డు తీసుకున్నవాడు తిరిగి ఇవ్వలేదు. క్విరీనో అడగలేదు. ఓరెస్తె మూటలు మోసుకుని మా సందు మూల సారా దుకాణంలోకి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. మా దుకాణం దాటుతూ నా వైపు చూసి కన్నుగీటేవాడు కూడా. పెళ్ళికేమో అనుకున్నాను. ఊరందరికీ అందేంత సిగరెట్లు ఏ పెళ్ళికి కాలుస్తారు? బయటి ధరకి అమ్ముకుంటున్నాడని తట్టలేదు, నా బుద్ధి అప్పుడు గడ్డి తింది.

మే నెలలో గోడ లోపలి సిగరెట్ల దుకాణం లెక్కల్లో క్విరీనో పేరు బయటపడింది. ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సంగతి తెలిసి నేను పరుగెత్తుకెళ్ళి గోడ లోపలికి వెళ్ళే అన్నమ్మ గేటు దగ్గర అతన్ని పట్టుకున్నాను.

"ఆ మూటలు ఎవడు మోశాడో నేను చూశాను. నేనూ వస్తాను పద, సాక్ష్యం చెప్తాను."

"నువ్వెందుకక్కా? ఓరెస్తె వస్తున్నాడు. వాడే చెప్తాడు."

"వాడు చెప్పకపోతే?"

నా వైపు జాలిగా చూశాడు, పిచ్చిదాన్ని చూసినట్టు. "తాడు పట్టినవాడు చెప్పకపోవడమేంటి?" అన్నాడు.

లోపల ఏం జరిగిందో సబీనా చెప్పింది. ఆమె వరండాలో నిలబడి ఉంది, తలుపు ఓరగా తీసి ఉంది. బల్ల వెనక కూర్చున్న ముసలి ఫాదరు మంచివాడే. మెల్లగానే అడిగాడట.

"నువ్వు సిగరెట్లు తాగుతావా నాయనా?"

"తాగను ఫాదర్."

"మరి నీ కార్డు మీద ఇన్ని పెట్టెలు ఎవరు తీసుకున్నారు?"

క్విరీనో నోరు విప్పలేదు. పక్కన నిలబడ్డ ఓరెస్తె వైపు చూశాడు. ఫాదరు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అటే చూశాడు. చివరికి ఫాదరే ఓరెస్తె వైపు తిరిగి, "ఇరవై ఏళ్ళుగా ఇతనితో పనిచేస్తున్నావు, నీకేమైనా తెలుసా?" అన్నాడు.

ఓరెస్తె టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, "నాకేం తెలుసు ఫాదర్? పని దగ్గర మేం మాట్లాడుకోం. అది మా కట్టుబాటు" అన్నాడట.

ఆ కట్టుబాటునే అడ్డం పెట్టుకున్నాడు, సన్నాసి! దొంగతనం కంటే నాకు ఒళ్ళు మండేది ఆ మాటకి. మూడు తరాలు ప్రాణం పెట్టి కాపాడుకున్న మాటని ముక్కు తుడుచుకునే గుడ్డ చేశాడు.

"నిజం చెప్పి ఏడవొచ్చుగా ఆ తర్వాతైనా!" అని నేను క్విరీనోని తిట్టాను. "ఫాదరు చివరిదాకా అడిగాడట కదా."

"వాడా మాట అన్నాక ఇక నేను చెప్పేదేముందక్కా? పైగా క్లేలియా పెళ్ళి ఎనిమిది రోజుల్లో ఉంది. పెళ్ళికూతురి తండ్రిని దొంగ అని ఎలా చెప్పను?"

కొలువు పోయింది. దాంతో పాటే పుస్తకం తీసుకున్నారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఇద్దరూ గిన్నెలన్నీ తోపుడుబండి మీద సర్దుకుని అన్నమ్మ గేటులోంచి బయటికి వచ్చారు. ఆ తర్వాతి ఆదివారం, అలవాటు కొద్దీ ఆ గేటు వైపే నడిచాడు క్విరీనో. చిన్నప్పటి నుంచి ఎరిగిన కాపలావాడు తల దించుకుని, "పాస్ ఉందా అన్నా?" అన్నాడు. తను పుట్టిన ఇంటికి పాస్! క్విరీనో వెనక్కి వచ్చి, మా వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఖాళీ అయిన తాడు పని ఎవరికి దక్కిందో తెలుసా? ఓరెస్తె అల్లుడికి. కొలువుతో పాటు ఇల్లూ వచ్చింది. క్లేలియా ఇప్పుడు సబీనా పొయ్యి మీదే వండుతోంది. పెళ్ళికి క్విరీనోని పిలిచారు కూడా. వెళ్ళలేదు. దీవెనకి మాత్రం తన తల్లి జపమాల పంపించాడు, నేను వద్దంటున్నా వినకుండా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం విన్నాం గానీ, వాసాలతో సహా ఇల్లు ఎత్తుకుపోవడం ఎక్కడైనా విన్నామా?

పేతురు పౌలుల పండుగ ముందు రోజు ఓరెస్తె నా దుకాణానికి వచ్చాడు, చొక్కాకి గంజి పెట్టమని. సిగ్గు లేకపోతే సరి! క్విరీనో మూల కూర్చుని బొగ్గులు ఏరుతున్నాడు. నేను చొక్కా విసిరికొట్టి, "నీ మురికికి నా దగ్గర గంజి లేదు, పో" అన్నాను.

ఓరెస్తె కదల్లేదు. "క్విరీనో, నాకు వేరే దారి లేకపోయిందిరా. పిల్ల పెళ్ళి..." అని గొణిగాడు.

క్విరీనో తల ఎత్తాడు. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను.

"ఇరవై రెండేళ్ళు నీ తాడు మీద వేలాడాను ఓరెస్తె" అన్నాడు. "ఒక్కసారి కూడా తల ఎత్తి నువ్వున్నావో లేదో చూడలేదు. ఇప్పుడు రోజూ కళ్ళు మూసుకుంటే చాలు, తల ఎత్తి చూస్తూనే ఉన్నాను."

ఓరెస్తె చొక్కా ఏరుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం గోపురం మీద దీపాలు వెలిగాయి. వీధంతా బయట నిలబడి చూస్తుంటే మేమిద్దరం లోపలే ఉన్నాం, సబీనా వంటలో ఉంది. బొగ్గు అయిపోయింది. అటక మీద బస్తా ఉంది, ఎనిమిది మెట్ల నిచ్చెన. నా మోకాళ్ళు సరిగా లేవు.

"కాస్త ఎక్కి దించు నాయనా" అన్నాను. నాలుగు వందల అడుగుల ఎత్తున బెదురు లేకుండా మొక్కలు పీకినవాడు కదా అని అడిగాను.

లేచాడు. రెండు మెట్లెక్కి ఆగిపోయాడు.

"అక్కా, నిచ్చెన పట్టుకున్నావా?"

"పట్టుకున్నానయ్యా, రెండు చేతులతో పట్టుకున్నాను."

మూడో మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి నా చేతుల వైపు చూశాడు. నాలుగో మెట్టు ఎక్కి, మళ్ళీ చూశాడు.