మూడు బ్రిడ్జీలు, ఒక్క ఫొటో

మా బావ ముప్పై ఒక్క ఏళ్ళు బ్రిడ్జీలకు రంగులు వేశాడు. బ్రిడ్జి మీద నిలబడి కాదు, తాళ్ళకు వేలాడే చెక్క మీద కూర్చుని. కింద సముద్రం, ముఖానికి జానెడు దూరంలో ఇనుము. ముందు తుప్పు గీకాలి, తర్వాత రెడాక్సైడ్ పూయాలి, ఆపైన బూడిదరంగు రెండు పూతలు. ఆ చివరకు చేరేసరికి ఈ చివర మళ్ళీ తుప్పు పట్టేది. "మీ అక్క సణుగుడైనా నిద్రపోయినప్పుడు ఆగుతుంది గానీ ఉప్పుగాలి ఆగదు బామ్మర్దీ" అనేవాడు, అక్కకు వినపడేలా.

తన మాటకు తనే ముందు నవ్వేవాడు. నవ్వితే నోరు ఎడమ పక్కకు వంకర పోయేది, కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. పరామర్శకు ఎవరింటికైనా తీసుకెళ్ళాలంటే అక్కకు భయం.

అన్నేళ్ళ తుప్పు పొడి ఊరికే పోలేదు, ఊపిరితిత్తుల్లో చేరింది. రెండు నెలలకు మించి బతకడని డాక్టరు అక్కకూ నాకూ చెప్పాడు. ఆ మాట మేము బావకు చెప్పలేదు. ఆయన మాత్రం ఒక సాయంత్రం నన్ను పిలిచి, బ్రిడ్జీలను దూరం నుంచి చూడాలని ఉంది, తీసుకెళ్ళి ఫొటోలు తీసిపెట్టమన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏనుగుకి ఒళ్ళు రుద్దానే గానీ ఏనుగునెప్పుడూ చూళ్ళేదురా."

నాది ఫొటో స్టూడియో. పేరుకు స్టూడియో గానీ, ఇరవై ఆరేళ్ళుగా తీసేవన్నీ పాస్‌పోర్టు ఫొటోలు, లైసెన్సు ఫొటోలు, బడి పిల్లల కార్డులకు ఫొటోలు. బయలుదేరే రోజు పొద్దున బావ కారులో కూర్చున్నాక అక్క నన్ను గేటు దగ్గర ఆపింది.

"ఒరేయ్, ఆయనది ఒక్కటి మంచి ఫొటో తియ్యి. ఇంట్లో ఉన్నవన్నీ గుంపులో తలకాయలే. గోడకి పెట్టుకోడానికి ఒక్కటి లేదు. ఎందుకని ఆయన అడిగితే చెప్పకు."

నాకు సిగ్గేసింది. ఫొటోలు తీసేవాడు ఇంట్లోనే ఉన్నాడు, ఎప్పుడైనా తీయించుకోవచ్చులే అని అందరం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

మొదట నది సముద్రంలో కలిసే చోట ఉన్న రైలు బ్రిడ్జికి వెళ్ళాం. అవతలి ఒడ్డున గట్టు మీద కూర్చుని బావ చాలాసేపు చూశాడు.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్లేదు. దగ్గరికెళ్తే ఎన్ని గుంటలో నాకు తెలుసు." తర్వాత వేలు చూపించాడు. "ఆ మూడో కమాను దగ్గర ఒక్క పూతే వేశా. మీ అక్కకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. బ్రష్ పడేసి పరిగెత్తా. అక్కడ రంగు పల్చగా ఉండాలి, చూడు."

కెమెరాలో దగ్గరికి లాగి చూపించాను. అంతా ఒకే బూడిదరంగు. మా మేనకోడలికి ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు.

"అవున్లే, నా పూత మీద ఇంకెన్ని పూతలు పడ్డాయో" అన్నాడు. నేను కెమెరాను ఆయన వైపు తిప్పగానే అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నన్నెందుకురా? దాన్ని తియ్యి."

రేవు దగ్గర తీగల బ్రిడ్జి వద్ద దొంగచాటుగా ప్రయత్నించాను. పక్షులను తీస్తున్నట్టు నటించి పక్కకు తిరిగేసరికి ఆయన నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. వీపు ఫొటో అక్కకు ఏమని ఇవ్వను? రెండు నెలల్లో ఒక రోజు సగం అయిపోయింది, నా చేతిలో నలభై బ్రిడ్జి ఫొటోలున్నాయి, మనిషి లేడు. నాకు కోపం కూడా వచ్చింది.

మూడోది పాత బస్సుల బ్రిడ్జి. దాని కింద టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. బావ రెండు గుటకలు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"పొద్దున్నే మీ అక్క ఇస్త్రీ చొక్కా తొడిగినప్పుడే తెలిసిందిలే. గోడకేగా?"

నేను తల వంచుకుని లెన్సు తుడుస్తూ కూర్చున్నాను.

"ఒక్కటి తీసుకో. ఒక్కటే. రెండోది తీస్తే నాకు ఏడుపొస్తుంది."

బల్ల చివరకు జరిగి కూర్చున్నాడు. వెనక బ్రిడ్జి, ముఖం మీద సముద్రం వైపు నుంచి వెలుతురు. కెమెరా కంటికి పెట్టుకున్నాను. బావ నన్నే చూశాడు.

"ఏరా, నువ్వెందుకలా పెట్టావు ముఖం? పోయేది నేనా, నువ్వా?"

అని నవ్వాడు. నోరు ఎడమ పక్కకు పోయింది, కళ్ళు మూసుకుపోయాయి. నా వేలు బటన్ మీదే ఉంది. కానీ ఇరవై ఆరేళ్ళుగా ఎన్ని వేలమందికి చెప్పి ఉంటాను, నవ్వకండి, నోరు మూయండి, చెవులు కనబడాలి అని. నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత మా వృత్తి కోసమే పుట్టిందేమో. కళ్ళు మూసిన ఫొటో ఏ ఆఫీసూ తీసుకోదు. వేలు దానంతటదే ఆగింది. ఆయన నవ్వడం పూర్తిచేశాడు, కళ్ళు తుడుచుకున్నాడు, నిటారుగా కూర్చుని నా వైపు చూశాడు. అప్పుడు నొక్కాను.

వెంటనే దగ్గు మొదలై చాలాసేపు ఆగలేదు. వీపు రాస్తూ నిలబడ్డాను.

"బాగా వచ్చిందా?" అన్నాడు కారెక్కుతూ.

"వచ్చింది బావా."

ఆ తర్వాత ముప్పై తొమ్మిది రోజులు బతికాడు. మూడు బ్రిడ్జీల ఫొటోలూ పెద్దవి చేసి మంచానికి ఎదురుగా అంటించాను. ఎక్కడ జారబోయాడో, ఎక్కడ అన్నం తినేవాడో, మాట పెగిలినంత కాలం అక్కకు వేలితో చూపించాడు.

బంధువులందరూ వెళ్ళిపోయాక ఆయన ఫొటోను ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. అక్క ఒళ్ళో పెట్టుకుని చూసింది. రెండు చెవులూ కనిపిస్తున్నాయి. కళ్ళు తెరిచి ఉన్నాయి, పెదాలు కలిసి ఉన్నాయి, ముఖం మీద ఎక్కడా నీడ లేదు. పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఎవర్రా ఈయన?" అంది. కోపంగా అనలేదు. మళ్ళీ చూసింది. "ఆ రోజంతా ఒక్కసారీ నవ్వలేదా?"

నవ్వలేదని చెప్తే నా పరువు దక్కేది. కానీ ఆయన ఆ రోజంతా దిగులుగా తిరిగాడని అక్క జీవితాంతం అనుకుంటుంది.

"నవ్వాడక్కా" అన్నాను. "ఆ నవ్వు ఆగేదాకా ఆగి తీశాను."