దొరకని కొక్కెం

శ్రావణ శనివారం పొద్దున, వర్తూరులో మా వీధి చివరి గుడిలో కూర్చుని తులసి మాల కడుతున్నాను. చిన్నాయన కొట్టు పక్కనున్న బట్టల కొట్టు ఆయన ఫోన్ చేశాడు. చిన్నాయన ఎప్పటిలాగే కొట్టు తీసి, దీపం పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడట. టీ తెచ్చి పిలిస్తే పలకలేదట. "మీ చిన్నాయన పోయినాడమ్మా" అని, నేను ఏమీ అనకముందే ఆయనే ఏడ్చేశాడు. నేను మాలకు ఆఖరి ముడి వేసి పూజారిగారి చేతికిచ్చి బయల్దేరాను. పని సగంలో వదిలితే చిన్నాయనకు నచ్చదు.

ఆయన మా నాన్న తమ్ముడు. నగరం నడిబొడ్డున చిక్కపేట బజారు వెనక సందులో తుపాకులు బాగుచేసే కొట్టు ఆయనది. లైసెన్సు ఉన్నవాళ్ళు తాతలనాటి తుపాకులు తెచ్చేవాళ్ళు. నేను హైస్కూలు చదువు ఆయన ఇంట్లో ఉండే చదువుకున్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. చిన్నమ్మ పోయాక నేను శనివారాలు గుడి చూసుకుని, పప్పు, రసం క్యారియర్‌లో పెట్టుకుని కొట్టుకు వెళ్ళేదాన్ని. ఆయన చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కునిగానీ ఏ తుపాకీనీ ముట్టేవాడు కాదు. అన్నం తిన్నాక కూడా మళ్ళీ కడుక్కునేవాడు.

ఎవరైనా వచ్చి నా తుపాకీకి ఫలానా పార్టు కావాలంటే, ఆయన మొదట అనే మాట ఒకటే. "ముందు విరిగింది చూపించప్పా." విరిగిన ముక్కను చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఆ తర్వాతే తుపాకీ వైపు చూసేవాడు. పని అయ్యాక ఆ పాత ముక్కను పసుపు రాసిన గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేవాడు. అంత కాలం పనిచేసినదాన్ని చెత్తలో ఎట్లా వేస్తామని అడిగేవాడు. నాకేమో తుపాకీ అంటేనే గిట్టదు. చీమను తొక్కినా దండం పెట్టుకునేదాన్ని. ఇది పాపం కాదా చిన్నాయనా అని ఒకసారి మెల్లగా అడిగితే ఆయన నవ్వాడు. "నా దగ్గరికి వచ్చేవన్నీ ముసలివి పాపా. ఇవి ఎవర్నీ చంపేదానికి రాలే. దండం పెట్టించుకునేదానికి వచ్చినాయి."

అది కొడగు కొండ ప్రాంతం నుంచి వచ్చేవాళ్ళ విషయంలో నిజమే. అక్కడ వరినాట్లు అయ్యాక ఆయుధాల పండుగ వస్తుంది. ఇంట్లోని తుపాకులన్నీ కడిగి, పొడుగాటి చెక్క పలక మీద వరుసగా పెట్టి, గొట్టం మొనలో ఎర్రటి అగ్నిశిఖ పువ్వు గుచ్చి పూజ చేస్తారు. రెండేళ్ళ కిందట అక్కడినుంచి ఒక పెద్దాయన తన తండ్రి తుపాకీ పట్టుకుని వచ్చారు. కింద ఉన్న లివరును ముందుకు తోసి వెనక్కి లాగితే తూటా ఎక్కే పాతకాలం రకం. లివరు మూశాక జారకుండా పట్టుకునే కొక్కెం విరిగిపోయింది. ముక్క గోరంత కూడా ఉండదు. అది లేక లివరు ఎప్పుడూ కిందికి వేలాడుతూ ఉండేది. చిన్నాయన దాన్ని పసుపు దారంతో పైకి కట్టి పెట్టాడు.

విరిగిన విగ్రహాన్ని మనం పూజలో పెట్టం కదా. ఆ ఇంటి ఆచారమూ అదే. లోపం ఉన్న ఆయుధం పలక ఎక్కదు. తన ప్రాణం ఉండగా నాన్న తుపాకీని మళ్ళీ పలక మీద చూడాలని పెద్దాయన ఆశ. చిన్నాయన మాట ఇచ్చాడు.

ఆ కొక్కెం తయారుచేసే కంపెనీ ఎప్పుడో ఆపేసింది. చిన్నాయన తనే రెండు చేసి చూశాడు. ఒకటి వంగింది, ఒకటి విరిగింది. పాత ఇనుముకున్న ఓర్పు కొత్తదానికి లేదన్నాడు. మైసూరులో, హైదరాబాదులో తనలాంటి పనివాళ్ళందరికీ చెప్పి పెట్టాడు. పోయిన ఏడాది పండుగ దగ్గర పడ్డాక, హైదరాబాదు ఆయన తన పాత డబ్బాలో ఒకటి దొరికిందని పంపాడు. వాడనిది. ఆకురాయితో కొంచెం అరగదీసి కూర్చుకోవాలి, అంతే.

అప్పటికే చిన్నాయన కుడి కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేస్తామని డాక్టరు తేదీ కూడా ఇచ్చాడు. చేస్తే నెల రోజులు వంగి పని చేయకూడదు, పండుగ దాటిపోతుంది. అందుకని ఆయనే వాయిదా వేసుకున్నాడు. నేను వద్దన్నాను. కన్ను ఎక్కడికీ పోదు పాపా, పండుగే పోతాది అన్నాడు.

"ఆకురాయి తీసుకునేదే నేర్చుకున్నాది, ఇచ్చేది నేర్చుకోలే" అని చిన్నప్పటి నుంచీ ఆయన నోట విన్నాను. కొట్టులో ఎవరికి పని నేర్పినా మొదటి పాఠం అదే. ఆ మాట చెప్పిన మనిషే మసక కంటితో, వేలి కొనతో తడిమి చూసుకుంటూ, ఆ ఒక్క కొక్కేన్ని వెంట్రుకవాసి ఎక్కువ అరగదీశాడు. పెట్టి చూస్తే పట్టు నిలవలేదు. లివరు మెల్లగా జారి మళ్ళీ వేలాడింది.

తుపాకీ తీసుకుపోదామని పెద్దాయన వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. చిన్నాయన పేపరు పరిచి, విరిగిన ముక్కను, తను పాడుచేసిన ముక్కను పక్కపక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు కన్నడంలో చెప్పాడు. పెద్దాయన కోప్పడలేదు. బీరువాలో ఇలాంటిదే ఇంకొక తుపాకీ ఉంది, ఎవరో శుభ్రం చేయమని ఇచ్చి తిరిగి రాలేదు. ఆ సంగతి పెద్దాయనకూ తెలుసు. దాని కొక్కెం దీనికి వేసేయకూడదా, వాళ్ళు వచ్చినప్పుడు చూసుకోవచ్చని నెమ్మదిగా అడిగారు.

"ఒకరి దీపంలో నూనె తీసి ఇంకొకరి దీపంలో పోస్తే, ఆ వెలుగు ఎవరిదప్పా?" అన్నాడు చిన్నాయన.

సరే, ఇంకో ఏడాది చూద్దాం, నువ్వూ ఉంటావు, నేనూ ఉంటాను అని పెద్దాయన తుపాకీని అక్కడే వదిలి వెళ్ళారు.

తర్వాత కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఆయన మొదట కొట్టుకే తీసుకుపొమ్మన్నాడు. అరిగిన ముక్కను కిటికీ వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "ఇప్పుడు బాగా కనపడతాండాది పాపా" అన్నాడు. ముక్కను కింద పెట్టి, "నా కంటికి పార్టు అరగంటలో దొరికె. దీనికి దొరకలే" అన్నాడు. రామా అనుకుని గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చాను.

ఆ ఏడాదంతా శనివారం మధ్యాహ్నాలు నేను ఆయన వెంట తిరిగాను. చిక్కపేట ఇనుప సామాన్ల కొట్లు, పాత ఇనుము గుట్టలు. తోపుడుబండ్లు మమ్మల్ని గోడకు నొక్కేవి. కొట్ల వాళ్ళందరికీ ఆ వెతుకులాట తెలిసిపోయింది. ఒకాయన మేం కనపడగానే, "ఏమప్పా, మీ పిల్లకు సంబంధం కుదిరిందా?" అని ఆ తుపాకీ గురించి దూరం నుంచే ఆటపట్టించేవాడు. "జాతకం కుదిరిందప్పా, పొడుగు కుదర్లేదు" అనేవాడు చిన్నాయన, నవ్వకుండా. సందు మలుపు తిరిగాక మాత్రం నా భుజం పట్టుకుని నిలబడిపోయేవాడు. ఎండ వల్ల అనుకునేదాన్ని. "మాట ఇస్తి గదా" అని తనలో తను అనుకోవడం రెండు మూడుసార్లు విన్నాను. దేవుడికి మొక్కుదాం చిన్నాయనా అంటే, మొక్కు నువ్వు, వెతికేది నేను వెతుకుతా అనేవాడు. మొక్కాను. దొరకలేదు.

ఆయన పోయిన రోజు కొట్టులోకి వెళ్ళి చూస్తే, ఆయన స్టూలు ముందున్న బల్ల మీద పరిచిన పేపరు, దాని మీద ఆ రెండు ముక్కలు, పక్కన ఆకురాయి. దీపం ఇంకా వెలుగుతోంది. అందులో నూనె పోసి వచ్చాను.

కర్మలు అయ్యాక పోలీసుల అనుమతితో ఎవరి తుపాకులు వాళ్ళకు అప్పగించాం. బీరువాలో ఉన్న ఆ రెండో తుపాకీకి ఎవరూ రాలేదు, స్టేషన్‌లో ఇచ్చేశాం. కొడగు పెద్దాయన కాగితాలు పట్టుకుని, మనవరాలి చెయ్యి ఆసరాగా వచ్చారు. నేను విరిగిన ముక్కను పసుపు గుడ్డలో చుట్టి ఇచ్చాను. పాడైన ముక్కను కూడా ఇవ్వమన్నారు. అది పనికిరాదని చెప్పాను. ఆయన చెయ్యి తగిలింది కదమ్మా అన్నారు. పసుపు దారం విప్పి ఇవ్వనా అని అడిగితే వద్దన్నారు. ఇద్దరూ సందు మలుపు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను.

మొన్న వాళ్ళ పండుగ అయింది. మనవరాలు నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. తాతయ్య వాళ్ళ నాన్న తుపాకీని లోపలి గదిలోనే ఉంచారని, కానీ దాని చోటులో వేరేదేదీ పెట్టనివ్వలేదని రాసింది. ఫోటోలో ఏళ్ళ తరబడి దీపాల మసికి నల్లబడ్డ పొడుగాటి పలక. అటు ఒక తుపాకీ, ఇటు ఒక తుపాకీ, మొనల్లో ఎర్రటి పూలు. మధ్యలో, మసి అంటని ఒక సన్నటి చోటు, తుపాకీ పొడుగునా, చెక్క రంగులోనే ఉంది. ఆ ఖాళీ చోటు చివర, గుచ్చడానికి ఏమీ లేక, ఒక పువ్వు పడుకోబెట్టి ఉంది.