కృష్ణగిరిలో రాయి కొనబోయి చూసిన దుమ్ము

హోసూరులో మా ఇంటి వంటగట్టుకు నల్ల గ్రానైటు పలక కావాలి. కృష్ణగిరిలో రాయి కోసే షెడ్డుకే వెళితే నచ్చిన రాయి ఎంచుకుని, కొలతకు కోయించుకుని సాయంత్రానికల్లా తెచ్చుకోవచ్చని ఆఫీసులో చెప్పారు. శనివారం ఉదయం తొమ్మిదింటికి బస్సెక్కాను. శూలగిరి మీదుగా కృష్ణగిరికి గంటకు పైనే పట్టింది. అక్కడి నుంచి ఆటోకు నూట యాభై. ఆటో అతను సందు మొదట్లోనే దింపేసి, లోపలికి వస్తే రోజంతా దగ్గేనని చెప్పి వెళ్ళిపోయాడు.

షెడ్డులో ఎదుటి మనిషి కనిపించనంత దుమ్ము. నా పలక కోస్తున్నది మునెప్ప, కెలమంగలం మనిషి, నలభై కూడా ఉండవు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఒక వైపు కోసేలోపే మూడుసార్లు మిషను ఆపి దగ్గాడు. మిషనుకు నీళ్ళ పైపు ఉంది, కానీ కట్టేసి ఉంది. ఎందుకని అడిగాను.

“నీళ్ళు వదిలితే కొలత గీత చెరిగిపోతాది, పని నిదానమైపోతాది. వచ్చినోళ్ళ బట్టల మీద చిందితే తిడతారమ్మా.”

ఓనరు మధ్యలో వచ్చి, పనివాళ్ళకు రోజూ సాయంత్రం బెల్లం ముక్క ఇస్తున్నామని, దాంతో దుమ్మంతా దిగిపోతుందని గొప్పగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బెల్లం పోయేది కడుపులోకి, రాతి దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. కంటికి ఆనని ఆ పొడి అక్కడే ఉండిపోయి వాటిని గట్టిపడేలా చేస్తుంది, పాడైంది మళ్ళీ బాగుపడదు. తువ్వాలు దాన్ని ఆపదు. కోసేచోట నీళ్ళు పడాలి, దుమ్మును లాగేసే ఫ్యాను ఉండాలి, ఆపైన ముఖానికి సరిగ్గా అతుక్కునే మాస్కు ఉండాలి. ఇదంతా గొంతు పెంచి చెబుతుంటే ఆ పెద్దమనిషి ఫోను చూసుకుంటున్నాడు.

మునెప్ప రెండుసార్లు టీబీ మందులు వాడాడట, దగ్గు తగ్గలేదట. రాతి దుమ్ముతో వచ్చే జబ్బును టీబీ అని పొరబడటం మామూలే, అందుకే రాళ్ళు కోస్తానని డాక్టరుకు చెప్పావా అని అడిగాను.

“చెప్తే పని ఇడిసిపెట్టమంటాడు కదమ్మా. ఇడిసిపెట్టి ఇంట్లో ఏం తినేది? కూలిపని అని చెప్పినాను.”

నీళ్ళు వదలకపోతే పలక వద్దన్నాను. అప్పుడు వదిలారు. ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది, నా బట్టలు మోకాళ్ళ దాకా తడిశాయి, అంతే. నేను బయలుదేరుతుండగా తెల్లచొక్కా వేసుకున్న ఇంకొకాయన రాయి కోసం వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే మునెప్ప లేచి పైపు కట్టేశాడు.

పలకను టెంపోలో ఇంటికి పంపించాను. తిరుగు బస్సులో ఓనరు మీద ఎంత కోపం వచ్చిందో నా మీదా అంతే వచ్చింది. సాయంత్రానికల్లా కావాలని తొందరపెట్టింది నేనే. మీరు రాయి కొనడానికి వెళితే, నీళ్ళు పెట్టి కోస్తేనే తీసుకుంటామని ముందే చెప్పండి. పాత బట్టలు వేసుకుని వెళ్ళండి. తడిస్తే ఆరిపోతాయి.