పళ్ళ దొర, పిన్ని చేగోడీలు

ఆ మాస్కుల రోజుల్ని జనమంతా తిట్టుకుంటారు గానీ, నాలాంటి వాళ్ళకి అంతకంటే మంచి రోజులు మళ్ళీ రాలేదు. (ఊపిరాడేది కాదు, కళ్ళజోడు మీద ఆవిరి పట్టేది, అయినా సరే.) ఎందుకంటే నాకు పై వరసలో ఎడమవైపు పన్ను మీద పన్ను ఉండేది. మా తణుకులో అది అదృష్టం. "ఈ పన్ను మొలిచాకే మా బావకి ఉద్యోగం పర్మినెంటయ్యింది" అని మా పిన్ని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నా నోరు తెరిపించి మరీ చూపించేది. ఆ చుట్టాలు వెళ్ళగానే మా అమ్మ "ఆడపిల్లవి, ఆ పళ్ళికిలించడమేంటి, మూసుకో" అనేది. ఇలా ఒకరు తెరవమని, ఒకరు మూయమని పెంచగా, చివరికి నాకు చేతిని అడ్డం పెట్టుకుని నవ్వడం ఒక్కటే వచ్చింది. ఇరవై మూడేళ్ళకి, అప్పటికే షార్జా వెళ్ళిన ఆ పిన్ని దగ్గరకి చేరి (ఆవిడ ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది), దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు దగ్గర కంటెయినర్ల కాగితాలు రాసే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే, మాస్కు మీద నుంచి కళ్ళు మాత్రమే చూసి ఉద్యోగం ఇచ్చేశారు. రెండేళ్ళు ఆ ఆఫీసులో నాకు ముక్కు కింద ఏముందో ఒక్కరికీ తెలీదు.

మాస్కులు తీసెయ్యొచ్చన్న రోజున మా మేనేజరు అమెరికా ఆయన మొదటిసారి నోరు తెరిచాడు. అప్పటిదాకా నెమ్మదస్తుడనుకున్న మనిషి. నవ్వగానే గదిలో ఇంకో ట్యూబులైటు వేసినట్టయింది. అన్ని పళ్ళూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు, కొత్త బాత్రూముకి పరిచిన టైల్స్ లాగా. మా స్టోర్స్ చూసే కరీంనగర్ అన్న అక్కడికక్కడే ఆయనకి 'పళ్ళ దొర' అని పేరు పెట్టాడు. దొర మధ్యాహ్నం భోజనం కాగానే తలుపైనా వేసుకోకుండా, దారం తీసి పళ్ళ సందుల్లో లాగుతూ ఫోన్లు మాట్లాడేవాడు. దీపావళికి అందరూ స్వీట్లు పంచితే ఈయన తలా ఒక దారం డబ్బా పంచాడు. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్ళి పడేస్తే, అదేమిటో తెలీని పిన్ని, గట్టి దారం దొరికిందని శుక్రవారం మల్లెపూలు కట్టేసింది. వారం రోజులు నా జడ పుదీనా వాసన కొట్టింది.

అక్కడిదాకా నవ్వులాటే. ఆ తర్వాత కాగితాల పనంతా కంప్యూటరు చేసేస్తుందనీ, మా విభాగం ఎత్తేస్తున్నారనీ తెలిసింది. మిగిలింది ఒకే ఒక్క ఉద్యోగం, కస్టమర్లతో మాట్లాడేది. అది వస్తే నా వీసా రెన్యువల్, రాకపోతే తణుకు. దొర నన్ను పిలిచి నా ఫొటో ముందు పెట్టుకున్నాడు. పెదాలు బిగించి, పోలీసులు తీసిన ఫొటోలా ఉంది.

"నీ పనికి వంక లేదు. కానీ నువ్వు నవ్వవు. నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. ఏదో దాస్తున్నావని కస్టమరు అనుకుంటాడు" అన్నాడు.

"పన్ను దాస్తున్నాను సర్" అన్నాను.

ఏదీ చూపించమన్నాడు. చూపించాను. మా పిన్ని ఇంత గర్వంగా చుట్టాలకి చూపించిన పన్నుని చూసి, ఆయన ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. "మా దేశంలో పళ్ళు చూడగానే మనిషి ఎలాంటి ఇంట్లో పెరిగాడో తేల్చేస్తారు. న్యాయం కాదు, కానీ అంతే. గురువారం అమెరికా నుంచి పెద్ద మేడమ్ వీడియోలో చూస్తుంది. ఈలోగా ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా వైపు ఇంటిపేరు అడిగి తేల్చుకునే సంగతినే వీళ్ళు నోరు తెరిపించి తేల్చుకుంటారన్నమాట. మళ్ళీ మనకి సమానత్వం గురించి పాఠాలొకటి.

బయటికొచ్చి కరీంనగర్ అన్నకి చెప్పుకుంటే, "ఖలాస్ చెల్లే. పని ఎంత జేసినా గీ దొరకు నవ్వే గావాలె. నవ్వుడు నేర్సుకో, లేకుంటే వీసా కాన్సిల్" అన్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. తీగ కట్టి సరిచెయ్యాలంటే ఏడాదిన్నర పడుతుందన్నాడు. పైగా మా ఇన్సూరెన్సులో కంటికీ కాలికీ చోటుంది గానీ పళ్ళకి లేదు. పళ్ళు శరీరంలో భాగం కావని వాళ్ళ నమ్మకం. (అమెరికాలోనూ పళ్ళ ఇన్సూరెన్సు వేరేనట. అంత ప్రాణమైన వాటిని బయట నిలబెట్టడమేమిటో దొరే చెప్పాలి.) ఇక మిగిలింది అద్దం. మూడు రోజులు దాని ముందు నిలబడి పళ్ళన్నీ కనపడేలా నవ్వడం ప్రాక్టీసు చేశాను. పిన్ని కూరగాయలు తరుగుతూ చూసి, "ఎవర్ని కరవడానికే ఆ మొహం?" అంది. విషయం చెప్పాక ఆవిడకి కోపం వచ్చింది. "అదృష్టప్పన్ను పట్టుకుని అంత మాటంటాడా? ఆయనకి మంచీ చెడూ చెప్పేవాళ్ళు లేరు పాపం. ఉండు, చేగోడీలు చేసిత్తాను, పట్టుకెళ్ళి పెట్టు. కడుపు నిండితే మనిషి మారతాడు" అని పొయ్యి వెలిగించింది.

గురువారం మీటింగుకి పావుగంట ముందు డబ్బా దొర బల్ల మీద పెట్టాను. పిన్ని చేగోడీ అంటే సామాన్యమైనది కాదు. మా ఇళ్ళల్లో దాన్ని ముందు దవడకి పట్టిస్తాం, కాసేపు ఓపిక పడతాం, ఆ తర్వాతే నములుతాం. ఇదేమీ తెలియని దొర, బిస్కెట్టు కొరికినట్టు ముందు పళ్ళతో కొరికాడు. 'ఠక్'మంది. చేగోడీ విరిగిందనుకున్నాను. చేగోడీ చెక్కుచెదరలేదు. కీబోర్డు మీద తెల్లగా ఒకటి పడింది. తలెత్తి చూస్తే దొర రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు, అచ్చం నాలాగే.

"మాస్కుందా?" అన్నాడు చేతుల సందు నుంచి.

నా సంచిలో ఎప్పుడూ ఉండేది, ఇచ్చాను. కంప్యూటరులో పెద్ద మేడమ్ మొహం వెలిగింది. దొర మాస్కులోంచి "నాకు జలుబు, ఈ అమ్మాయి చెప్తుంది" అని నన్ను ముందుకి తోసి పక్కకి తప్పుకున్నాడు. మూడు రోజులు నేర్చుకున్న నవ్వు ఆ కంగారులో ఎటు పోయిందో. ఏ ఓడ ఎందుకు ఆగింది, ఏ కస్టమరుకి ఎప్పుడు కోపం వస్తుంది, ఎలా చల్లబడతాడు, అన్నీ గడగడా చెప్పేశాను. నోరు తెరిచానో మూశానో కూడా గుర్తులేదు. మేడమ్ నా మాటలు రాసుకుంది. ఒక్కసారి కూడా నా పన్ను వైపు చూడలేదు, చూసినా నాకు తెలీలేదు. చివర్లో "ఈ అమ్మాయినే ఉంచండి" అంది.

మీటింగు అయిపోయాక దొర మాస్కు తీశాడు. ముందు పన్ను మీది తొడుగు ఊడి, లోపల చిన్న గోధుమరంగు మొండి కనిపించింది. "మొదటి ఇంటర్వ్యూలో నా పళ్ళు చూసి పంపించేశారు. మా నాన్నకి వాటిని బాగుచేయించే స్తోమత లేదు. తర్వాత నేనే అప్పు చేసి అన్నీ తొడుగులు వేయించుకున్నాను" అన్నాడు. జాలేసింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. తనకి జరిగింది తెలిసి కూడా నన్ను అదే గుమ్మం దగ్గర నిలబెట్టాడు మరి! కానీ అప్పుడే ఆయనకి నవ్వొచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు, నేనూ అలాగే నవ్వాను.

ఇప్పుడు దొర అమెరికా వెళ్ళిపోయాడు, ఆయన కుర్చీలో నేనున్నాను. పన్ను కూడా సరిచేయించేసుకున్నాను. ("అదృష్టాన్ని పీకించేసుకున్నావు కదే" అని పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు.) మొన్న అమలాపురం నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఆమె ఫొటోలో పెదాలు బిగించుకుని ఉంది. "కొంచెం పళ్ళు కనపడేలా ఇంకోటి దిగమ్మా, కస్టమర్లు చూస్తారు" అనేశాను. ఆ పిల్ల "అలాగే మేడమ్" అంటూ సిగ్గుగా నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి చూడగానే నా చెయ్యి కూడా నోటి మీదకి వెళ్ళింది. "వద్దులే తల్లీ, ఆ ఫొటోయే పంపించు" అన్నాను, చెయ్యి తియ్యకుండానే.