చెత్త డబ్బాలతో పాటు రేణుక

కోకాపేటలోని ఆ టవర్‌లో మనుషులకొక లిఫ్టు, పనిమనుషులకొక లిఫ్టు. రెండోదాంట్లోనే పొద్దున పూట ఇంటింటి చెత్త డబ్బాలూ దిగుతాయి. పద్దెనిమిదో అంతస్తులో వంట చేసే రేణుక ఏళ్ల తరబడి ఆ కంపులోనే పైకెక్కింది. అప్పుడు ఒంటికి తట్టుకునే శక్తి ఉండేది.

తర్వాత రక్త క్యాన్సర్ వచ్చింది. ఆమె ఒంట్లో కొత్త రక్తం పుట్టేందుకు తమ్ముడు ప్రవీణ్ తన మూలకణాలిచ్చాడు. అవి ఆమె ఒంట్లో కుదురుకున్నాయి గాని, అక్క ఒంటినే పరాయిదనుకుని చర్మం మీదికి, పేగుల మీదికి దాడికి దిగాయి. అందుకని దవాఖానలో నెలనెలా ఒక మందు ఎక్కిస్తున్నారు. అదేం చేస్తుందో రేణుకే చెప్పింది:

“తమ్ముని కణాలు నన్ను పరాయిదని గుర్తుపట్టంగనే కొట్టవంట. పక్కనుంచి ఇంకో కణం ‘ఊ, కానియ్’ అనాలెనంట. ఆ ‘ఊ’ను ఈ మందు ఆపుతదని డాక్టరమ్మ చెప్పింది. ఇగ రోగమొస్తే కొట్లాడే బలం గూడ తగ్గుతదంట. పనికి పో, చెత్త కాడికి మాత్రం పోకన్నది.”

మాస్కు పెట్టుకుని మళ్లీ పనికొచ్చిన రోజే, మనుషులెక్కే ఆ పెద్ద లిఫ్టు ఎక్కనివ్వమని టవర్ సంఘం అధ్యక్షుడు చలపతిరావును అడిగింది.

“రూల్సు అందరికీ ఒకటేనమ్మా. అయినా ఆ మాస్కు చూసి పిల్లలు జడుసుకుంటారు. ఎవరికైనా అంటుకుంటే?”

“నా రోగం అంటేది కాదు సారూ. మీ జలుబే నాకంటుతది!”

నిజమే. ఆయన తుమ్మితే ఆమె ప్రాణం మీదికొస్తుంది. భయపడాల్సింది ఆమె, భయం నటించే హక్కు మాత్రం ఆయనది! కుక్కపిల్ల దర్జాగా ఎక్కే లిఫ్టులో, కూడు వండిపెట్టే మనిషి ఎక్కకూడదట. ఎవడు రాశాడీ రూలు?

మర్నాడు రేణుక నేరుగా వెళ్లి పెద్ద లిఫ్టులో నిలబడింది. వాకింగ్ నుంచి వస్తున్న చలపతిరావు చూశాడు.

“ఐలయ్యా, దింపేయవయ్యా ఆవిణ్ణి!”

కాపలా కాసే ఐలయ్య ఓ అడుగు ముందుకేశాడు.

“నువ్వు గూడ ఊ అంటవా అన్నా?” అంది రేణుక.

ఐలయ్య ఆగిపోయాడు. ఒకసారి చలపతిరావు వైపు చూశాడు. తర్వాత లోపలికి చెయ్యి చాపి, “పద్దెనిమిదే గద చెల్లె?” అంటూ మీట నొక్కాడు.

సాయంత్రానికల్లా ఐలయ్యను సెల్లార్ కాపలాకు తోశారు. కొత్తగా వచ్చిన కాపలావాడికి రేణుకను చూపించి, గుర్తుపెట్టుకుని ఆపమన్నారు. ఆమె చేతి వంట తినే ఇంటివాళ్లలో ఒక్కరైనా రేపు పొద్దున ఆ లిఫ్టు ముందుకొచ్చి, ఆమె పక్కన నిలబడతారా?